నీలం డబ్బాలో సేపల నీళ్ళు

బావా,

డ్యూటీ దిగి రాగానే గుమ్మంలో ఉన్న నీలం డబ్బా కడుగు. బట్టలు మార్చుకోకముందే కడుగు. నాను మాత్రం ముట్టను.

పొద్దున సెత్త బండొచ్చింది. బండిలో అమ్మాయి మూత తీసి ముక్కు మూసుకుంది. నాను రాత్రి సూడకుండా ఏసిన పాల ప్యాకెట్లు, అట్టపెట్టెలు అన్నీ సేపల నీళ్ళలో నానిపోయున్నాయి. "కాలనీ సెక్రటరీ గారింట్లోనే ఇలాగైతే ఎలాగమ్మా?" అని వీధందరి ముంగటా అడిగీసి, డబ్బా అలాగే దించీసి ఎల్లిపోయింది. ఎదురింటి రోజారమణి గేటు పట్టుకుని మరీ నవ్వింది.

మొన్న డబ్బాలు పంచినప్పుడు రిబ్బను కత్తిరించీసి, మైకు పట్టుకుని, తడి సెత్త ఆకుపచ్చ డబ్బాలో, పొడి సెత్త నీలం డబ్బాలో అని కాలనీ అంతటికీ పాఠం సెప్పింది నువ్వే కదా? మనింటికిచ్చిన ఆ నీలం డబ్బాలోనే నిన్న ఐసు ఏసుకుని హార్బరు నుంచి సేపలు తెచ్చావు. కొత్తది, గట్టిగుంది అంటే సరిపోద్దేటి? ఆ నీళ్ళైనా పారబొయ్యలేదు. మైకు నీకు, తిట్లు నాకూనా?

పులుసు పొయ్యి మీదుంది. ముళ్ళు సూసుకుని తిను, రాత్రిలాగ గొంతులో ఇరికించుకోకు.

గౌరీశ్వరి

పేపర్లో పడ్డ నీ రిబ్బను ఫొటో దాసమన్నావు కదా. సేపల పొలుసులు, పేగులు అన్నీ దాంట్లోనే సుట్టి డబ్బా పక్కనెట్టాను. అది తడి సెత్తో పొడి సెత్తో నువ్వే తేల్సుకో, సెక్రటరీ గారూ.