జెండాలక్క షెడ్డు, నూట ముప్పై తొమ్మిది ఓట్లు

వయసు యాభై ఎనిమిది, వృత్తి కుట్టుపని, వీధిలో చిన్నా పెద్దా జెండాలక్క అని పిలిచే నేను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా నా ఇష్టప్రకారం రాసుకుంటున్న వీలునామా ఇది. బలవంతం చేయడానికి వచ్చినవారు లేకపోలేదు. వారి సంగతి ఐదో అంశంలో వస్తుంది.

రేపు ఉదయం నా గుండెకు ఆపరేషను. భయం లేదని డాక్టరుగారు మూడుసార్లు చెప్పారు. ఒక్కసారే చెప్పి ఉంటే ఈ కాగితం రాసేదాన్ని కాదు. నా మతి స్థిమితంగా ఉందని ఆయనే పరీక్షించి రాసిచ్చారు. పొద్దున ఓటు వేసి వచ్చానని వేలి మీద సిరా చూపించాను. అది చూసి కాస్త ఆలోచించారు గానీ, చివరికి రాసిచ్చారు.

ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. నా తర్వాత అంతా తనదేనని నా తమ్ముడు ఎక్కడైనా చెప్పి ఉంటే, దాన్ని వాడి ప్రచార ప్రసంగాల్లో ఒకటిగా భావించాలి.

1. బడిలో హెడ్మిస్ట్రెస్‌గా ఉన్న నా చెల్లెలు ఈ వీలునామాను అమలు చేయాలి. ఆమెకు తగాదాలంటే భయం లేదు. చిన్నప్పటి నుంచి నాతోనే సాధన చేసింది. నా ప్రార్థన పీట, రోజూ తెల్లవారి నేను చదువుకునే పేర్ల కాగితం ఆమెకు ఇస్తున్నాను. అందులో ముప్పై ఒక్క పేర్లున్నాయి. ఒక్కటీ కొట్టేయకూడదు. ఎవరి కోసం ప్రార్థించడం కష్టమో వాళ్లను ముందు రాసుకున్నాను. ఆ పని అయిపోతే మిగతాది సులువు.

2. షెడ్డులోని నాలుగు కుట్టుమిషన్లు వాటి మీద పనిచేసే నలుగురికే. ఎవరిది వారికి. కాజాలు కుట్టే ఆవిడ మిషను కిర్రుమంటుంది. నూనె వేయవద్దు. ఆ చప్పుడు లేకపోతే ఆవిడకు కునుకొస్తుంది.

3. నా పెద్ద కత్తెర మా మరదలికి, అంటే తమ్ముడి భార్యకు. పాతికేళ్లుగా అడుగుతోంది. దాని పదును ఆమె మాటకున్నంత కాదు గానీ పనికొస్తుంది. ఇన్నాళ్లూ ఇవ్వకపోవడం నా పిసినారితనమే. ఒప్పుకుంటున్నాను.

4. కాళ్లు తుడుచుకునే పట్టాలు రెండు. వీటి గురించి కొంచెం చెప్పాలి.

ఈ ఎన్నికలకు మా షెడ్డులో రెండు పార్టీల జెండాలూ కుట్టాం. ఒక పార్టీ తరఫున నా తమ్ముడు, ఇంకో పార్టీ తరఫున పక్కవీధి మందుల షాపాయన నిలబడ్డారు. రంగులు ఇక్కడ రాయను. వీలునామాలో ప్రచారం పనికిరాదు. తమ్ముడి పార్టీ గుడ్డ సోమవారం లారీలో వచ్చింది. షాపాయన పార్టీ గుడ్డ మంగళవారం అదే లారీలో వచ్చింది. డ్రైవరూ అతనే. “ఏమయ్యా, నిన్న అటు, ఇవాళ ఇటా?” అని కాజాలావిడ నిలదీసింది. “నాదేముందమ్మా, పంపేదీ ఒక్కరే, డబ్బు కట్టేదీ ఒక్కరే” అన్నాడు.

తానులు విప్పి చూస్తే రెండింటి అంచునా ఒకటే ముద్ర. చక్రం, మధ్యలో తాళం. ఏటి పక్కన గోదాములు కడుతున్న కంపెనీ తన సరుకు మీద వేసే ముద్ర అది. జెండా కుట్టేటప్పుడు అంచు కత్తిరించేస్తాం కాబట్టి సభలో చప్పట్లు కొట్టేవాళ్లకు అది కనబడదు. ఆ అంచులు నేను పారేయలేదు. రెండు రంగులూ కలిపి జడలా అల్లి పట్టాలు చేశాను. ముద్ర పైకి తేలేలా అల్లడానికి నాలుగు రోజులు పట్టింది. ఒకటి నా తమ్ముడికి, ఒకటి షాపాయనకు. గుమ్మం ముందు వేసుకోవాలి. ఫలితాలు రావడానికి ఇంకా మూడు రోజులుంది. గెలిచింది ఎవరో పట్టా మీద ఇప్పుడే చూసుకోవచ్చు.

5. ఆ కంపెనీ లారీలు పెద్దరోడ్డు ఎక్కాలంటే మా షెడ్డు మీదుగా పోవాలి. వేరే దారి ఉంది, కానీ మూడు మైళ్లు చుట్టు. అభ్యర్థులిద్దరూ కొత్త రోడ్డు వేయిస్తామని వాగ్దానం చేశారు. ఎవరి షెడ్డు కూల్చి వేస్తారన్నది కరపత్రంలో ఇద్దరూ వేయలేదు.

కంపెనీ తరఫున ఒక పెద్దమనిషి నాలుగుసార్లు అమ్మకం కాగితాలు పట్టుకొచ్చారు. పలకరింపు కంటే ముందు పెన్ను తీస్తారు కాబట్టి షెడ్డులో ఆయన్ని పెన్నుసారు అంటాం. నేను చదువుతానంటే, “చదవక్కర్లేదమ్మా, సంతకం చాలు” అంటారు. నాలుగోసారి తమ్ముడిని వెంటబెట్టుకొచ్చారు. నేను లోపల ఒక మిషను మీదున్నాను. మిషను నడుస్తుంటే పక్కన పిడుగు పడినా నాకు వినబడదు. సరిగ్గా అప్పుడే బెల్టు తెగింది.

తెర అవతల తమ్ముడి గొంతు. “మా అక్క సంగతి నాకొదిలెయ్యండి సార్. ఇవాళ కాకపోతే రేపు. పెళ్లా, పిల్లలా? గుండె చూస్తే అంతంత మాత్రం. తన తర్వాత అంతా నాదేగా. మీరు మాత్రం ప్రచారం ఖర్చు ఆపకండి.”

నేను బెల్టు మార్చుకున్నాను. తర్వాత టీ పెట్టి ఇద్దరికీ ఇచ్చాను. తమ్ముడి టీలో చక్కెర వేయలేదు.

6. కాబట్టి షెడ్డునూ దాని కింది నేలనూ ఏ ఒక్కరికీ ఇవ్వడం లేదు. మా వీధి ఓటర్ల జాబితాలో నేను పోగా మిగిలిన నూట ముప్పై తొమ్మిది మందికి ఉమ్మడిగా, సమానంగా ఇస్తున్నాను. తమ్ముడూ మా వీధి ఓటరే. వాడికీ ఒక వాటా. అందరితో పాటు ఒక్కటే.

ఇలా రాస్తే చెల్లదని లాయరుగారు మొదట తల గోక్కున్నారు. మర్నాడు ఫోను చేసి, ట్రస్టు కింద పెట్టి మా చెల్లెలి చేతిలో ఉంచితే చెల్లుతుందన్నారు. ఆయన నవ్వగా వినడం నాకు అదే మొదటిసారి.

షరతులు. కుట్టుపని చేసే నలుగురూ తమకు ఓపిక ఉన్నంతకాలం అద్దె లేకుండా అక్కడే పనిచేసుకుంటారు. నేల అమ్మాలంటే వాటాదారులు అందరూ సరేననాలి. మెజారిటీ లెక్కలు కుదరవు. పాత బొత్తాల డబ్బా మూతకు చీలిక పెట్టించాను, చీటీలు అందులో వేయాలి. చీటీ మీద పేరు ఉండకూడదు. ‘వద్దు’ అని ఒక్క చీటీ వచ్చినా ఐదేళ్ల దాకా మళ్లీ అడగకూడదు. వాటాదారు ఎవరైనా కాలం చేస్తే ఆ వాటా మిగిలినవారిది.

కంపెనీ ఇంటింటికీ వచ్చి అడుక్కోవచ్చు, అభ్యంతరం లేదు. నడిచే రావాలి. కంపెనీ యజమాని స్వయంగా రావాలి, చేతులు జోడించాలి. మూలింటి పెద్దావిడకు చెవుడు, ఆవిడకు రెండుసార్లు చెప్పాలి. రెండోసారీ ఆవిడ తలుపు వేసేస్తుంది, అది వేరే సంగతి. ఎవరైనా ఏదైనా పంచిపెడితే, తీసుకున్నవాళ్లు తమ దేవుడితో తేల్చుకోవాలి. ఎవరు తీసుకున్నారో, ఎవరు తీసుకోలేదో డబ్బాకు తెలియదు. కంపెనీకి ప్రచారం జెండాలు కావాలంటే మా షెడ్డులోనే కుట్టించుకోవాలి, అంచు కత్తిరించకుండా.

ఇన్నాళ్లూ ఆ కంపెనీ మన ముందు మనుషులను నిలబెట్టింది. ఇకమీదట తనే నిలబడాలి.

7. నా కొలతల పుస్తకం, దానితో పాటు ఒక తెల్ల చొక్కా, నా తమ్ముడికి.

అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్లు, నాకు పదిహేను. అప్పటి నుంచి వాడి బట్టలన్నీ నేనే కుట్టాను. కొలతలన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. మొదటిసారి ఎన్నికల్లో నిలబడినప్పుడు వాడికి సైకిలు తప్ప ఏమీ లేదు. నా దుప్పటి చించి పదకొండు జెండాలు కుట్టిచ్చాను. చిత్తుగా ఓడిపోయాడు. ఆ మధ్యాహ్నం వంటింట్లో నేల మీద చతికిలబడి, “అక్కా, అరవై రెండు ఓట్లే! అడగనివాళ్లు కూడా వేశారే!” అని నవ్వుతుంటే వాడికి తాగుతున్న నీళ్లు పొలమారాయి. వీపు మీద తట్టింది నేనే. ఆ వీపు కొలత నాకు కంఠతా వచ్చు.

ఈసారి ప్రచారం చొక్కాలకు కొలిస్తే వీపు అంగుళమున్నర పెరిగింది. ఛాతీ వైపు కొలత తగ్గింది. వాడిది ఎదిగే వయసు కాదు. ఒకరి ముందు వంగి నిలబడటం అలవాటైతే వీపు సాగుతుంది. ఏ దర్జీని అడిగినా చెబుతాడు. టేపు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ రోజు ప్రార్థన కొంచెం ఎక్కువసేపు పట్టింది.

తెల్ల చొక్కా బీరువా కింది అరలో ఉంది. పాత కొలతకే కుట్టాను. నిటారుగా నిలబడితే చక్కగా కుదురుతుంది. వంగితే భుజాల దగ్గర పట్టేస్తుంది, ఇంకా వంగితే చిరుగుతుంది. ఒరేయ్, లోపల మడతలో గుడ్డ వదల్లేదు. కుట్లు విప్పి వదులు చేయించుకుందామని చూడకు. పదకొండు జెండాల్లో మిగిలిన ఒక్కటి జేబులో పెట్టాను.

పేర్ల కాగితంలో మొదటి పేరు నీదే.

8. నేను ఎవరికి ఓటు వేశానని ఎవరూ ఆరా తీయవద్దు. దేవుడికి కూడా చెప్పలేదు. ఆయన అడగలేదు.

9. పెన్నుసారు నాలుగోసారి వచ్చినప్పుడు తన పెన్ను షెడ్డులో మరిచిపోయారు. ఈ వీలునామా మొత్తం దానితోనే రాశాను. చాలా బాగా రాస్తుంది. సంతకాలు కాగానే ఆయనకు తిరిగి ఇచ్చేయాలి. పేర్ల కాగితంలో ఆయనది రెండో పేరు.

సాక్షుల గురించి ఒక మాట. వాటా ఉన్నవాళ్లు సాక్షి సంతకం చేయకూడదని లాయరుగారు చెప్పారు. మా వీధిలో వాటా లేని ఓటరు లేరు. బయటివాళ్లు ఇద్దరు కావాల్సివచ్చింది. ఒకరు డాక్టరుగారు. రెండోవారిని పంపమని దేవుణ్ణి అడిగాను. అరగంట తిరక్కుండా పెన్నుసారు ఒక చేత్తో పండ్ల బుట్ట, ఇంకో చేత్తో అమ్మకం కాగితాలు పట్టుకుని వార్డులోకి వచ్చారు.

అమ్మకం కాగితాలు వద్దన్నాను. ఇది నా వీలునామా, సాక్షి సంతకం కావాలన్నాను. ముందు చదువుకోండి అని చేతికి కూడా ఇచ్చాను. “సాక్షి చదవక్కర్లేదమ్మా, సంతకం చాలు. అంతా తమ్ముడికేగా?” అన్నారు. “తమ్ముడికీ ఉంది” అన్నాను. ఆయన సంతోషంగా నా మంచం పక్కన కూర్చున్నారు. ఈ వాక్యం రాస్తుండగా పెన్ను కోసం జేబులన్నీ వెతుక్కుంటున్నారు. అది నా చేతిలో ఉంది.

పోలింగు రోజు, సాయంత్రం ఐదు గంటలు
ఆసుపత్రి, ఆడవాళ్ల వార్డు, తొమ్మిదో మంచం

సంతకం: జెండాలక్క

మొదటి సాక్షి: గుండె డాక్టరు. ఈమె నా ఎదుట, పూర్తి తెలివిలో సంతకం చేశారు. మొత్తం చదివాను. తెలివి నేను రాసిచ్చినదానికంటే ఎక్కువే ఉంది.

రెండో సాక్షి: గోదాముల కంపెనీ ప్రతినిధి. ఈమె నా ఎదుట సంతకం చేశారు. లోపల ఏముందో చదవలేదు, అవసరం లేదు.