అమ్మ ఎలా పోయిందని అడిగిన డాక్టరమ్మ

జగ్గయ్యపేట,
జూలై 11.

నా బేబి అక్కకు,

చెల్లెలి వందనాలు. ఇది ఫోన్‌లో మాట్లాడే సంగతి కాదు. ఇంట్లో అందరి చెవులూ నా మీదే ఉన్నాయి. అందుకే నా క్లాసు పిల్లలకు లెక్కలిచ్చి, స్కూల్లో కూర్చుని రాస్తున్నాను.

నా కుడి రొమ్ములో గడ్డ తగిలింది. ఇక్కడి డాక్టరు చూసి కొవ్వు గడ్డే, కోసి తీసేద్దామన్నాడు. నీ మరిది దేవరాజ్ మాత్రం, నందిగామకు గురువారాలు వచ్చే లహరి అనే సర్జన్‌కు చూపించాల్సిందేనని పట్టుబట్టారు. ఆవిడ పద్నాలుగేళ్లుగా రొమ్ము జబ్బులు తప్ప ఇంకేమీ చూడదట. మిగతా ఆపరేషన్లు చేతకాకే ఇందులో పడిందేమోనని నాకు అనుమానం.

లోపలికి వెళ్లగానే మా ఆయన్ని బయట కూర్చోమంది. నా చంకల్లో, మెడ పక్కన కూడా వేళ్లతో వెతికింది. "సూది పరీక్ష చేయకుండా కత్తి పెట్టనండి" అంది. కోయనని చెప్పే సర్జన్ ఉంటుందా? పరీక్షల పేరుతో తిప్పుకోవడానికే అనుకున్నాను. అప్పుడు అడిగింది:

"మీ అమ్మగారు ఎలా పోయారండి?"

"కామెర్లతో. నలభై రెండేళ్లకే."

"అంతకుముందు రొమ్ములో గడ్డేమైనా ఉండేదా?"

లేదన్నాను. ఆవిడ రాయడం ఆపి నా మొహంలోకి చూసింది. "ఇంట్లో పెద్దవాళ్లని ఒకసారి అడగండి. రొమ్ము క్యాన్సర్ లివర్‌కి పాకినా కామెర్లు వస్తాయి" అంది.

బస్సు జగ్గయ్యపేట చేరేలోపు ఆవిడ మీది అనుమానం నీ మీదికి మళ్లింది. అమ్మకు స్నానం నువ్వొక్కదానివే చేయించేదానివి. తలుపు గడియ పెట్టేదానివి. పదేళ్లదాన్ని, బయట నిలబడి ఏడ్చేదాన్ని. లోపల ఏం దాచావక్కా? నిజం రాయి.

నీ గ్రేసీ

*

పెనుగంచిప్రోలు,
జూలై 27.

గ్రేసీ తల్లీ,

నీది మామూలు గడ్డేనని తేలిందంటూ నువ్వు ఫోన్ చేసినప్పుడు వంటింట్లో మోకాళ్లూని ఏడ్చాను. అయినా నువ్వడిగినదానికి జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

అమ్మకు రొమ్ము మీద పుండు ఉండేది. నాకొక్కదానికే చూపించి, "ఎవరికీ చెప్పమాక బేబీ, రేపు మీకు సంబంధాలు రావు" అని బైబిల్ మీద చెయ్యి వేయించింది. నాకప్పుడు పదిహేడేళ్లు. నాన్నకు కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే అమ్మ బతికేదేమోనని ఈ ఇరవై ఆరేళ్లూ లోలోపల కుమిలిపోతూనే ఉన్నాను.

నీ ఉత్తరం చదివి కోపంతో నందిగామ వెళ్లాను. "మా చెల్లెల్ని ఎందుకు బెదరగొడుతున్నారు? మీ ఎత్తేంటి?" అని ఆ డాక్టరమ్మ మీద అరిచాను. ఆవిడ తలుపు వేసి, మంచినీళ్లిచ్చింది.

"మీ చెల్లెలి సంగతి ఆవిడతోనే మాట్లాడతానండి. మీరు వచ్చిన దగ్గర్నుంచీ ఎడమ చెయ్యి పైకెత్తట్లేదు. ఎందుకని?"

పైట పక్కకు తీసి చూపించాను. క్రిస్మస్ నుంచి నాకూ గడ్డ ఉంది గ్రేసీ. అమ్మలాగే నేనూ దాచాను.

"మొదట్లో నేనూ అన్ని ఆపరేషన్లూ చేసేదాన్నండి. ఆడవాళ్లు పుండు పడ్డాకే వచ్చేవాళ్లు. అది చూడలేక ఇదొక్కటే పట్టుకున్నా" అంటూ ఆవిడే సూది పరీక్ష చేసింది.

నాది క్యాన్సరే. ముందు మందులెక్కించి గడ్డను తగ్గించాక ఆపరేషన్ చేస్తుందట. రొమ్ము మొత్తం తీయనక్కర్లేకపోవచ్చంది. వచ్చే వారం బెజవాడలో మొదలు. నువ్వు నా వెంట రావాలి.

నిన్న మా షారోన్‌ను కూర్చోబెట్టి, వాళ్ల అమ్మమ్మ సంగతీ నా సంగతీ ఉన్నదున్నట్టు చెప్పాను. పిల్ల హడలిపోతుందనుకున్నాను. అంతా విని, "ఇన్నాళ్లూ ఒక్కదానివే ఎట్టా మోశావమ్మా?" అంది.

నీ బేబి అక్క