ఒంటిచెప్పుల కొట్టు పంపకం

మార్కెట్ వీధి మూల మీది ఒంటిచెప్పుల కొట్టు యజమానురాలినీ, వీధిలో అందరూ ఒంటికాలమ్మ అని పిలిచేదానినీ అయిన నేను, నాకు రెండు కాళ్లూ నిక్షేపంగా ఉన్నవని ముందుగా తెలియజేసుకుంటూ, ఒంట్లో నలతగా ఉన్నా బుద్ధి చెదరక, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. బుద్ధి స్థిరంగా ఉన్నదని డాక్టరుగారు కాగితం ఇచ్చారు. కొట్టు తెరిచిన రోజుల్లో అయితే ఏ డాక్టరూ ఇచ్చి ఉండేవాడు కాదు.

దీనిని అమలు జరపవలసినది మా లాయరుగారు. ఆస్తితో సంబంధం లేని వాక్యాలు తీసేయమని ఆయన సలహా ఇచ్చారు. అవి తీసేస్తే మిగిలేది ఒక తాళాల గుత్తి. కాబట్టి ఉంచమన్నాను.

1. సదరు కొట్టు నా స్వార్జితము. ఎలా వచ్చిందో ఇక్కడే రాయిస్తున్నాను, తర్వాత ఎవరూ కథలు అల్లకుండా.

నా భర్త తన అన్నగారి చెప్పుల షాపులో పనిచేసేవారు. ఒక మధ్యాహ్నం సరుకు దించుతుండగా లారీ వెనక్కి వచ్చి ఆయన కుడికాలు మోకాలి కింద నుంచి పోయింది. ఇంటికొచ్చాక, ఉన్న కాలికి మంచి బూటు కావాలన్నారు. నేను బావగారి షాపుకు వెళ్లి ఎడమది ఒక్కటి ఇమ్మన్నాను. జతలో సగం నీకిస్తే మిగతా సగం నా నెత్తిన పెట్టుకోనా అన్నారాయన. జతే కొన్నాను. కుడి బూటు కిటికీలో పెట్టాను. చూడ్డానికొచ్చిన చుట్టాలందరూ దాన్ని చూసి నిట్టూర్చారు. నాకు మాత్రం, దీనికి సరిపోయే కాలు ఎక్కడో ఉండాలి కదా అనిపించింది.

బూటు సంచీలో వేసుకుని, ఆస్పత్రిలో పెట్టుడు కాళ్లు అమర్చే గది బయట బెంచీ మీద కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్ల కాళ్లకేసి చూడటం మర్యాద కాదు. చూశాను. ఎడమకాలు లేని ఒక బస్సు కండక్టరు కనిపించాడు. బూటు సరిపోయింది. అతను డబ్బిచ్చి కూడా లేవలేదు. ఇన్నాళ్లూ కొన్న ప్రతి జతలో ఒకటి పారేస్తున్నానని, అది చెత్తబుట్టలో వేసినప్పుడే కాలు గుర్తుకొస్తుందని చెప్పాడు. ఇంటికి నడిచి వస్తూ కొట్టు పెట్టాలని తేల్చుకున్నాను. అది మంచి ఆలోచనేనా అని ఎవరినీ అడగలేదు. అడిగి ఉంటే మంచి సమాధానాలే వచ్చేవి, కొట్టు వచ్చేది కాదు.

2. బావగారికి, అనగా నా భర్త అన్నగారికి: ఒక కుడి చెప్పు. నా భర్త మళ్లీ పనిలోకి వస్తానంటే, చెప్పుల షాపులో కాలు లేనివాణ్ణి కూర్చోబెడితే గిరాకీ పోతుందన్నారు. తర్వాత మా కొట్టు నిలబడ్డాక భాగస్తుడిగా చేరతానని కబురు పంపారు. నేను జవాబు పంపలేదు. సదరు కుడి చెప్పే ఆ జవాబు. ఎడమది ఇచ్చే ఉద్దేశం నాకు గానీ నా వారసులకు గానీ లేదు.

3. కొట్టు వెనక గదిలోని ఇనప బీరువా, అందులోని సరుకుతో సహా, కొట్టుతోనే ఉండవలెను. కుడివి అమ్ముడుపోయి మిగిలిన ఎడమవి, ఎడమవి అమ్ముడుపోయి మిగిలిన కుడివి అందులో ఉన్నవి. లెక్కలు చూసే ఆయన దీనిని నష్టం కింద రాయబోతే ఆపించి, బీరువా మీద రంగుతో "ఇంకా రానివారివి" అని రాయించాను. కొందరు నిజంగానే వచ్చారు. కొందరి కోసం మేమే వెతుక్కుంటూ పోయాం. ఆ అక్షరాలు చెరపరాదు.

4. తోలు కోసే మేస్త్రీకి, అనగా మేమంతా సందేహం అని పిలిచే ఆయనకు: కోత బల్ల, కత్తులు, కుట్టు మిషను. వేరే మూడు షాపులవాళ్లు ప్రశ్నలు భరించలేక ఆయన్ని పంపించేశారు. ఆ సంగతి తెలిసే పెట్టుకున్నాను. రెండు అడుగుభాగాలూ ఒకే మందం ఎందుకుండాలి అని ఆయన అడిగిన రోజు నాకు తలనొప్పి వచ్చింది. ఆ ప్రశ్న వల్లనే ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లంతా మా కొట్టుకు వచ్చారు. చక్రాల కుర్చీలో ఒకావిడ ఎర్రటి ఎత్తుమడమ చెప్పు ఒకటి అడిగినప్పుడు మాత్రం ఎందుకని అడగలేదు. ఏ ఎరుపు అని అడిగాడు. ఆ కారణంగా పై వస్తువులకు అదనంగా నా గాలికుర్చీ, అనగా ఫ్యాను కింద కుర్చీ, ఆయనకే చెందవలెను.

5. నా కొడుకుకు: ఇల్లు, అందులోని సామాను, తండ్రిని చూసుకునే బాధ్యత. వాడు మంచివాడు. పుట్టినప్పటి నుంచి నాకు ఎదురు చెప్పలేదు. ఊళ్లో నాలుగు కొట్లు పెడదామని మనసులో ఉన్నా, నేను వద్దంటానని తెలిసి, "నువ్వు చెప్పిందే రైటమ్మా" అంటాడు. ఇంటికి ఇలాంటి మనిషి ఉండాలి. కొట్టుకు వద్దు.

6. కొట్టు, దాని పేరు, దాన విక్రయాది సర్వహక్కులతో నా కోడలికి.

ఈ కలానికి, అనగా ఈ అంశానికి, కారణం రాయవలసి ఉన్నది. కొట్టు బాగా నడుస్తున్న రోజుల్లో నేను కొత్త బోర్డు కట్టించాను. దాని మీద చంకకర్ర, పక్కన ఒంటి చెప్పు. దూరానికే తెలిసిపోయే మంచి బోర్డు. నేను డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చేసరికి కోడలు దాన్ని దింపించి గోడకు తిప్పి పెట్టింది. కొనేవాళ్ల ముందే అడిగాను. "మన దగ్గరికి చెప్పులు కొనుక్కోవడానికి వస్తారత్తయ్యా. జాలి కొనుక్కోవడానికి కాదు," అంది. ఆ వానాకాలమంతా మేము మాట్లాడుకోలేదు. ఏదైనా చెప్పవలసి వస్తే ఇద్దరం సందేహానికి చెప్పేవాళ్లం.

ఒక సంగతి నాకు తర్వాత తెలిసింది. బోర్డు కట్టిన నాటి నుంచి నా భర్త వెనక గుమ్మం నుంచి లోపలికి వచ్చేవారు. అక్కడ మెట్టు తక్కువ అనేవారు, నేను నమ్మాను. బోర్డు దిగిన మర్నాడు ఆయన ముందు గుమ్మం నుంచి వచ్చారు. మెట్టు ఎత్తు మారలేదు. ఇది కోడలు చూసింది, నేను చూడలేదు. బోర్డు మాత్రం బాగానే ఉండేదని నేను ఇప్పటికీ అంటాను.

7. నా భర్తకు: నేను పక్కన లేకపోయినా ముందు గుమ్మం నుంచే రమ్మని విన్నపము. ఇవ్వడానికి ఆయన దగ్గర లేనిది నా దగ్గర ఏమీ లేదు. మొదట కొన్న ఎడమ బూటుకు నేను నాలుగుసార్లు అడుగు మార్పించాను, పారేయనివ్వలేదు. అది ఆయనదే.

8. పై ఆరవ కలం చదివి వినిపిస్తే కోడలు తనకు కొట్టు వద్దంది. కారణం అడిగాను. కొట్టు తన చేతికి వస్తే మామూలు జతలు కూడా అమ్ముతానని, అది నాకు నచ్చదని, నచ్చని పని నా పేరు మీద చేయడం తనకిష్టం లేదని చెప్పింది. జతలు అమ్మేవాళ్లు ఈ వీధిలోనే అరడజను మంది ఉన్నారు, వాళ్లలో ఒకరు బావగారు. మర్నాడు మళ్లీ పిలిచి, ఎందుకు అమ్ముతావని అడిగాను.

"ఒక కాలున్నాయన కొనుక్కుంటుంటే, రెండు కాళ్లున్న కూతురు గుమ్మం బయట నిలబడుతోందత్తయ్యా. ఆ పిల్లకు చెప్పులు కావాలంటే ఇద్దరూ ఇంకో కొట్టుకు పోవాలి. తండ్రీ కూతుళ్లు ఒకే కొట్లో కూర్చుని కొనుక్కోకూడదా?"

నేను ఆ గుమ్మానికి ఎదురుగా నా జీవితంలో సగం కూర్చున్నాను. ఆ పిల్లలందరినీ చూశాను. ఈ ఆలోచన నాకు రాలేదు. అందుకు నాకు కోపంగా ఉన్నది. సదరు కోపం తగ్గేలోపల సంతకం చేయదలచి, ఆరవ కలంలో ఒక్క అక్షరం కూడా మార్చవద్దని లాయరుగారికి చెప్పాను. కోడలు వద్దన్నా కొట్టు కోడలిదే.

చదివించుకుని, విని, సరేనని, సాక్షుల ఎదుట చేసిన సంతకం.

తేదీ: మార్చి నెల పదిహేడు, మంగళవారం, కొట్టు తెరిచే వేళ.

(సంతకం) ఒంటికాలమ్మ

సాక్షులు:
1. ఎదురు కొట్టు టైలరు. కుడి పాదం ఎడమదానికంటే ఒక సైజు పెద్దది. ఈ సంగతి ఆయన అనుమతితోనే రాయడమైనది.
2. పై అంతస్తు పళ్ల డాక్టరమ్మ. రెండు పాదాలూ సమానం. మా కొట్లో ఇంతవరకు ఏమీ కొనలేదు. జతలు ఎప్పటి నుంచి వస్తాయని సంతకం పెడుతూ కోడలిని అడిగింది.