తలుపు నేనే వేశాను

మంగళవారం, రాత్రి

ఇవాళ రాజమండ్రిలో కౌన్సెలింగ్‌కి నాలుగోసారి వెళ్లాను. మేడం ఎప్పటిలాగే, "తలుపు తీసి ఉంచమంటారా, వేసెయ్యమంటారా అండి?" అన్నారు. అత్యాచారం జరిగాక అందరూ నన్ను ఏవేవో అడిగారు గానీ, నాకేం కావాలో అడిగింది ఈవిడే. ఆ రోజు వాడు గడియ పెట్టిన చప్పుడు ఇంకా నా చెవుల్లోంచి పోలేదు. అందుకే మూడుసార్లూ తీసే ఉంచమన్నాను. వరండాలో వాళ్లకి వినపడుతుందని సగం మాటలు మింగేసేదాన్ని.

ఇవాళ నా మీద నాకే విసుగొచ్చింది. లేచి వెళ్లి తలుపు వేశాను. 

రెండు నిమిషాలు కాలేదు, బయట బెంచీ మీదున్న అమ్మ దబదబా బాదింది. "తలుపేశారేంటండీ? మా అమ్మాయి లోపలుందండీ!"

"నేనే వేశానమ్మా," అన్నాను. బాదుడు ఆగిపోయింది.

గంటసేపు మాట్లాడాను. అన్నీ చెప్పలేదు. రేపు కోర్టులో చెప్పాల్సి వస్తే... అక్కడ తలుపు సంగతి ఎవరడుగుతారు?

తిరిగొచ్చేటప్పుడు బస్సు బ్రిడ్జి ఎక్కకముందే అమ్మ నా భుజం మీద నిద్రపోయింది. ఏడాదిగా రాత్రిళ్లు నా గది గుమ్మానికి అడ్డంగా పడుకుంటున్న మనిషి. కొవ్వూరులో మా స్టాపు వచ్చినా లేపబుద్ధి కాలేదు. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాం.

"మొద్దుమొహమా, లేపొద్దా? ఈ ఎండలో ఎవరు నడుస్తారే!" దారంతా తిడుతూనే ఉంది.

ఏడాది తర్వాత మళ్లీ ఇవాళే మా అమ్మ నన్ను తిట్టింది.