పాటకీ బాటకీ తేడా

ఏమయ్యా,

నేను చెప్తుంటే కోడలు రాస్తోంది. చదవడానికి నువ్వు లేవు. మధ్యలో అడ్డం రావడానికీ లేవు, అదే నాకు మేలు.

ఉదయగిరి చర్చిలో నీ హార్మోనియానికి నా గొంతు కలవదని నలభై ఏళ్లు నా నోరు మూయించావు. "గొంతెత్తబాక. పెదాలు ఆడించు, చాలు" అన్నావు. అబ్బో, ఎంత విద్వాంసుడివి!

మన మనవరాలు గ్రేసికి నా చెవే వచ్చింది. బళ్లో టీచరు "పాట పాడు" అంటే, అది "బాట" అనుకుని లేచి వాకిట్లోకి నడిచింది. మొద్దని వెనక కూర్చోబెట్టారు. ఆత్మకూరులో మాటలు నేర్పే మేడమ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె రెండు స్వరాలు వినిపించి ఏది హెచ్చని అడిగితే పిల్ల తెల్లమొహం వేసింది.

"స్వరాల తేడా పట్టే చెవే మాటల తేడా కూడా పడతాదమ్మా. ఒకటి సాధన చేయిస్తే రెండోదీ బాగుపడొచ్చు" అంది మేడమ్.

విన్నావా? చెవికి నేర్పాలి, నోరు మూయించడం కాదు. జీవితమంతా హార్మోనియం మెట్లు నొక్కినా ఈ ముక్క నీకు తట్టలేదు.

నువ్వు ఎవర్నీ ముట్టనివ్వని ఆ హార్మోనియం పెట్టె తాళం పగలగొట్టించాను. రోజూ ఇద్దరం రెండు మెట్లు నొక్కి, హెచ్చా తగ్గా అని పోట్లాడుకుంటాం. ఓడేది నేనే.

ఈ పొద్దు గ్రేసి, "అవ్వా, నువ్వొక పాట పాడు" అంది. పాటే అంది, బాట కాదు.

గొంతెత్తి పాడాను.

"ఏంది అవ్వా, నీ రాగం యాడికో పోతా ఉండాది!" అని పడీపడీ నవ్వింది. తప్పు పట్టేసింది, అచ్చం నీలాగే.

తర్వాత, "మళ్లా పాడు" అంది.