అయ్‌మన్‌కాన్ ఆపరేషన్

కరాకోల్
సెప్టెంబరు 9

పెద్దలు, రచయిత తిలెక్ కెల్దిబాయెవ్ గారికి,

రిటైరైన జాగ్రఫీ టీచరు బురుల్‌కాన్ నమస్కరించి రాసేది. మీ ఆరోగ్యం ఎలా ఉందని అడగను. మీ నవల చదివాక తెలిసిపోయింది, ఈ వయసులో మీకూ నడుం, మోకాళ్ళు, నిద్ర, మూడూ లేవని.

మేం నలుగురం స్నేహితురాళ్ళం. నేను, బాత్మా, కల్‌బుబు, కనిశాయ్. ఒకే వీధిలో పెరిగాం, ఆ వీధిలోనే ముసలివాళ్ళమయ్యాం. శుక్రవారం శుక్రవారం ఎవరో ఒకరింట్లో టీ పెట్టుకుని నవల చదువుతాం. ఈసారి మీ "పొయ్యి చల్లారకముందు" తీసుకున్నాం. ఊరంతా కలిపి ఒక్క కాపీ దొరికింది. ఒకరి తర్వాత ఒకరు చదివేంత ఓపిక ఎవరికీ లేదు, ఆయుష్షు మీద నమ్మకమూ లేదు. అందుకని నాలుగు భాగాలు చేసి పంచుకున్నాం.

నా భాగంలో మీ కథానాయిక అయ్‌మన్‌కాన్ మొగుడు నిక్షేపంలా ఉన్నాడు. "ఎంత మంచివాడే" అన్నాను. "పోయినవాళ్ళందరూ మంచివాళ్ళే" అంది బాత్మా. ఆయన చావు నాకు అలా తెలిసింది.

ఇక అసలు సంగతి. చివరి భాగం కనిశాయ్‌కి పడింది. అందులో అయ్‌మన్‌కాన్ కడుపులో గడ్డకి ఆపరేషన్ వద్దని గుర్రమెక్కి కొండమీది పచ్చికబయలుకి పోతుంది కదా, గుడారం నడినెత్తిన ఉన్న కంతలోంచి చుక్కల్ని చూస్తూ ప్రాణం వదులుతుంది కదా. మా కనిశాయ్ కడుపులోనూ గడ్డ ఉంది. కోయించుకుంటే బతుకుతావని డాక్టరు చెప్పాడట. "అయ్‌మన్‌కాన్ కోయించుకుందా?" అంటుంది. మేం ముగ్గురం గొంతు పోయేలా చెప్పాం, వినదు. అది నవలేననీ, నిజం వేరనీ మీరు ఆవిడకి రెండు ముక్కలు రాయండి. మీ మాటైతే వింటుంది.

మీ జవాబు కోసం తిండీ నిద్రా మానిన
బురుల్‌కాన్

తా.క. బాత్మా మీకు ఉన్ని మేజోళ్ళు అల్లి పంపుతోంది. మీ భార్య ఉన్నారా అని అడగమంది. ఊరికే.

---

బిష్కెక్
సెప్టెంబరు 20

మాననీయ అక్కగారు బురుల్‌కాన్ అపా సముఖానికి,

మీ లేఖని గుమ్మంలో నిలబడే రెండుసార్లు చదివాను. నా నవల అచ్చయి ఏడాది దాటింది. ఇంతవరకూ దాని గురించి నాకు వచ్చిన ఉత్తరం ఒక్కటే, గోదాము ఖాళీ చేయమని ప్రచురణకర్త రాసింది. ఇంతలో కరాకోల్‌లో ఒక పాఠక సమాజం ఏర్పడి, నాలుగు విభాగాలుగా నా రచనను అధ్యయనం చేస్తోందని తెలిసింది. ప్రతి విభాగంలో సభ్యులు ఎంతమంది?

కనిశాయ్ అపా విషయం నన్ను కదిలించింది. ఒక పాత్ర ధైర్యం ఒక నిజమైన మనిషిలోకి ప్రవహించడం కన్నా రచయితకు కావలసిందేముంది? నా నవలని సరిగ్గా అర్థం చేసుకున్నది బహుశా ఆవిడ ఒక్కరే. ఆవిడకి సంతకం చేసిన ప్రతి విడిగా పంపుతున్నాను.

సాహిత్యాభివందనాలతో
తిలెక్ కెల్దిబాయెవ్

తా.క. మేజోళ్ళకి కృతజ్ఞతలు. మా అబ్బాయికి నడుందాకా వచ్చాయి. వాడికి ఇప్పుడిప్పుడే నడక వస్తోంది.

---

కరాకోల్
సెప్టెంబరు 29

రచయిత గారికి,

కొంపముంచారు.

విభాగాలు కాదయ్యా, ముక్కలు. రొట్టె కోసే కత్తితో కోశాం మీ పుస్తకాన్ని. కల్‌బుబు ముక్క "...అని గొర్రె వైపు తిరిగింది" అని మొదలవుతుంది. ఎవరు తిరిగారో, ఎందుకు తిరిగారో ఆవిడకి ఇప్పటికీ తెలీదు. సమాజమంటే మేం నలుగురమే. అందులో ఒకదాన్ని మీరు దక్కకుండా చేస్తున్నారు.

మీరు పంపిన పుస్తకం మొదటి పేజీలో ఏం రాశారో గుర్తుందా? "అయ్‌మన్‌కాన్ ధైర్యం గల కనిశాయ్ అపాకి." కనిశాయ్ ఆ పేజీని రొట్టెల కొట్టులో చూపించింది, పోస్టాఫీసులో చూపించింది. "రచయితే ఒప్పుకున్నాడు, నువ్వెవరివే వద్దనడానికి" అంది నాతో. నలభై ఏళ్ళు రొట్టెల కార్ఖానాలో పిండి పిసికిన మనిషి, ఎవరి మాటా వినదు. ఇప్పుడు గుర్రం కావాలంటోంది. ఆ పచ్చికబయలు మీద ఇప్పుడు మంచు తప్ప ఏముంది? గొర్రెలకున్న బుద్ధి కూడా లేదు, అవి ఎప్పుడో దిగొచ్చేశాయి.

అయ్యా, మీ అయ్‌మన్‌కాన్ రెండు పేజీల్లో పోయింది. అదే జబ్బుతో పోవడానికి మా అమ్మకి ఏడు నెలలు పట్టింది. చుక్కలు లేవు. మంచం పక్కన బకెట్టు ఉండేది. ఆ బకెట్టు సంగతి మీ నవలలో ఎక్కడా లేదు. ఇది తెలిసినవాళ్ళెవరైనా ఉత్తరం రాసి "కోయించుకో తల్లీ" అంటారు. మీరు సంతకం పెట్టి పంపారు.

ఇప్పుడైనా రాయండి. అయ్‌మన్‌కాన్ ఒట్టి మూర్ఖురాలని రాయండి.

కోపంతో, అయినా మర్యాదగా
బురుల్‌కాన్

తా.క. ఈ వయసులో నడక నేర్చుకునే కొడుకా? బాత్మా మీమీద ఆశ వదులుకుంటుందనుకున్నాను. పెంచుకుంది.

---

బిష్కెక్
అక్టోబరు 8

బురుల్‌కాన్ అపా గారికి,

మీ బాధ అర్థమైంది. మీ భాష కొంచెం నొప్పించింది. నవల కత్తి కాదు, ఎవరినీ చంపదు. పైగా కత్తి వాడింది మీరు.

అయినా మీ మాట కాదనలేక కనిశాయ్ అపాకి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. అయ్‌మన్‌కాన్ మూర్ఖురాలని రాయలేకపోయాను. ఆవిడతో నేను మూడేళ్ళు గడిపాను. కానీ ఆ మరణాన్ని అక్షరాలా తీసుకోవద్దనీ, అదొక ప్రతీక అనీ, అది చావు కాదు, కొండ తన బిడ్డని వెనక్కి పిలుచుకోవడమనీ స్పష్టంగా వివరించాను. దీంతో సందేహాలన్నీ తీరిపోతాయి.

మీ
తిలెక్ కెల్దిబాయెవ్

తా.క. బాత్మా అపాకి నాకు భార్య ఉందని చెప్పండి. మేజోళ్ళు విప్పి కొడుక్కి టోపీ అల్లింది కూడా ఆవిడే.

---

కరాకోల్
అక్టోబరు 17

రచయిత గారికి,

తీరిపోయాయి. సందేహాలన్నీ తీరిపోయాయి.

"అది చావు కాదట, కొండ పిలుస్తుందట" అని కనిశాయ్ మీ ఉత్తరం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఇప్పుడు సామాన్లు పంచుతోంది. టీ కాచే సమోవార్ నాకిచ్చింది. శాలువా బాత్మాకిచ్చింది. బాత్మా సిగ్గులేకుండా దాన్ని కప్పుకుని మొన్న శుక్రవారం వచ్చింది. "బతికున్న మనిషి ముందే దాని శాలువా కప్పుకుంటావా?" అన్నాను. "చలేస్తోంది" అంది. "చలికి చస్తే నీ శాలువా ఎవరు కప్పుకోవాలో కూడా చెప్పు" అన్నాను. ఇద్దరం మాట్లాడుకోవడం లేదు. ఆవు కల్‌బుబుకి వెళ్ళింది. అది ప్రతి సాయంత్రం కట్టు తెంపుకుని కనిశాయ్ గుమ్మం ముందు నిలబడి అరుస్తుంది. కల్‌బుబుకి చెవుడు, వినపడదు. వీధిలో మా అందరికీ వినపడుతుంది.

నేను కనిశాయ్‌తో కూడా మాట్లాడటం మానేశాను, వారం రోజులు. తర్వాత భయమేసి వెళ్ళాను. నడుం సన్నబడింది. కూర్చునేటప్పుడు కుర్చీని ముందు చేత్తో తడిమి పట్టుకుంటోంది. "ఒసే, నీకు బతకాలని లేదా?" అన్నాను. "నీ సమోవార్ కారుతోందా?" అంది. అంతే.

ఇక మీకు చెప్పడానికి కోపం కూడా మిగల్లేదు. ఒక్కటే అడుగుతున్నాను. చివరి అధ్యాయం మళ్ళీ రాయండి. అయ్‌మన్‌కాన్‌ని గుర్రం దింపి ఆసుపత్రిలో చేర్చండి. కోయించండి. బతికించండి. అచ్చు వేయించక్కర్లేదు. కాగితం మీద రాసి పంపితే మేం చదివి వినిపిస్తాం.

చేతులు జోడించి
బురుల్‌కాన్

తా.క. మీ వయసెంతో చెప్పండి. బాత్మా కోసం కాదు. నాకే అనుమానం వచ్చింది.

---

బిష్కెక్
అక్టోబరు 27

అపా,

నాకు ముప్ఫై రెండేళ్ళు.

నడుం నొప్పి గురించి పొరుగింటి తాతని అడిగి రాశాను. చావు గురించి అడగడానికి మొహమాటపడ్డాను. మా నాయనమ్మ పోయినప్పుడు నేను సైన్యంలో ఉన్నాను, సెలవు దొరకలేదు. తర్వాత ఇంటికి వెళ్ళి ఎలా పోయిందని అడిగితే "ప్రశాంతంగా" అన్నారు. ఆ ఒక్క మాట మీద చివరి అధ్యాయమంతా కట్టాను. మీరు రాసిన బకెట్టు దగ్గర ఆగి, మా అమ్మకి ఫోన్ చేశాను. నాయనమ్మ సంగతి మళ్ళీ అడిగితే ముందు పిల్లాడు తిన్నాడా అంది. తర్వాత, "నీకెందుకురా ఇప్పుడు" అంది.

కొత్త అధ్యాయం ఇందులో పెట్టాను. అయ్‌మన్‌కాన్ కోయించుకుంది. నా జీవితంలో ఇంత పేలవంగా ఎప్పుడూ రాయలేదు. ఒక్క ఉపమానం కూడా లేదు. ఆసుపత్రి సూప్‌లో బంగాళాదుంప ముక్క కోసం ఆవిడ వెతకడమే సగం ఉంటుంది. అది కూడా నా భార్య చెప్పింది, ఆవిడకి కాన్పు అక్కడే అయింది.

చదివి వినిపించండి. కనిశాయ్ అపా ఏమన్నారో వెంటనే రాయండి.

మీ
తిలెక్

తా.క. నా వయసు బాత్మా అపాకి మెల్లిగా చెప్పండి.

---

కరాకోల్
నవంబరు 7

నాయనా తిలెక్,

ఇంతకాలం మిమ్మల్ని పెద్దలన్నాను. ఇకనుంచి ఇలాగే పిలుస్తాను, ఏమీ అనుకోకు.

శుక్రవారం ముగ్గురం కనిశాయ్ ఇంటికి వెళ్ళాం. బాత్మా, నేను మాట్లాడుకున్నాం, నీ అధ్యాయం పుణ్యమా అని. కనిశాయ్ మంచం మీద ఉంది. నేను చదివాను. సూప్ దగ్గర నవ్వింది. పక్క మంచం ఆవిడ గురక దగ్గర "ఇది నిజం" అంది. చదవడం అయ్యాక "అయితే బతికిందన్నమాట" అంది. ఆ గొంతు విని, ఒప్పుకుందనుకున్నాను. కల్‌బుబు అయితే ఏడ్చేసింది. సగం వినపడకపోయినా.

మర్నాడు పొద్దున్నే మంచులో ఆసుపత్రికి వెళ్ళాను, ఆపరేషన్‌కి రోజు ఖాయం చేసుకుందామని. ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా వెళ్ళలేదు చూడు. కనిశాయ్ చెప్పింది, మేం నమ్మాం.

"కనిశాయ్ ఒప్పుకుంది డాక్టర్ గారూ, ఎప్పుడు కోస్తారు?" అన్నాను.

డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "ఏం కోయాలమ్మా? వేసవిలోనే చెప్పాను కదా ఆవిడకి. అంతా పాకిపోయింది. కోయడానికి ఏమీ లేదు."

కనిశాయ్ ఇంటికి ఎలా తిరిగొచ్చానో నాకు తెలీదు. కనిశాయ్ నా మొహం చూసి అంది, "ఆసుపత్రికి వెళ్ళావా?"

"వెళ్ళాను."

"ఈ చలిలో ఎందుకే వెళ్ళావు?"

బూట్లు విప్పకుండానే ఆవిడ మంచం మీద కూర్చున్నాను. "రెండు నెలలనుంచి నిన్ను తిడుతున్నాను. బతకడం చేతకాని దద్దమ్మవన్నాను. ఆ రచయితని తిట్టాను. బాత్మాతో పోట్లాడాను. ఎందుకే ఇలా చేశావు?"

"మరి నిజం చెబితే ఏం చేసేవాళ్ళు? ముగ్గురూ నా చుట్టూ కూర్చుని ఏడ్చేవాళ్ళు. కల్‌బుబు ఏడుపు ఎలా ఉంటుందో తెలుసుగా. కోపమొస్తే నువ్వు చక్కగా ఉంటావు బురుల్. ఉత్తరాలు రాశావు, రెండు నెలలు నిమిషం ఖాళీ లేదు నీకు."

"అయితే ఆ గుర్రం, ఆ కొండ?"

"నాకు గుర్రమంటే చచ్చేంత భయం. ఈ జన్మలో ఎక్కలేదు." అని కొంచెం ఊపిరి తీసుకుంది. "కోస్తామని ఒక్క మాట అనుంటే పరిగెత్తుకెళ్ళి బల్ల మీద పడుకునేదాన్ని. నాకేమైనా సరదానా పోవడం? వాళ్ళు వద్దన్నారు. అది ఎలా చెప్పుకుంటాం? నేనే వద్దన్నానని చెబితే కాస్త గౌరవంగా ఉంటుంది. అప్పుడే ఆ పుస్తకం ముక్క చేతికొచ్చింది."

నేను ఏడ్చాను నాయనా. ఆవిడ చెప్పినట్టే, చాలా వికారంగా ఏడ్చాను. ఆవిడ దిండు కింద నుంచి గుడ్డ తీసి ఇచ్చింది.

తర్వాత అడిగింది. "ఇంటికొచ్చాక ఏం చేసింది?"

"ఎవరు?"

"అయ్‌మన్‌కాన్. ఆ రచయిత ఆవిడని ఆసుపత్రి గేటు దగ్గర ఆపేశాడు. ఒంటి మీద కుట్లున్న మనిషిని చలిలో గేటు దగ్గర వదిలేస్తాడా ఎవరైనా? ఇంటికి చేర్చమను."

అందుకు రాస్తున్నాను. ఇంటికి చేర్చు నాయనా. కోడలితో పోట్లాట పెట్టు. పొరుగింటివాళ్ళ కుక్క కోడిని ఎత్తుకుపోయిందని రాయి. వసంతం వచ్చిందని, ఆవిడ బంగాళాదుంపలు నాటిందని రాయి. ఉపమానాలు వద్దు. ఏం తిందో, ఎవరిని తిట్టిందో రాయి, అవే కావాలంటోంది. నొప్పి రాత్రిళ్ళు ఎక్కువగా ఉంటోంది, మందు కూడా ఎక్కువసేపు పనిచేయడం లేదు. మేం వంతులేసుకుని ఉంటున్నాం. బకెట్టు నేను తీస్తున్నాను. చదువుతుంటే మాత్రం వింటుంది. నీ ఆసుపత్రి అధ్యాయం ఇప్పటికే మూడుసార్లు చదివించుకుంది. బంగాళాదుంప ముక్క ఎక్కడుందో ఆవిడకి తెలిసిపోయింది.

ఎక్కువ పేజీలు అక్కర్లేదు. మధ్యలో నిద్రపోతుంది. శుక్రవారానికి అందేలా పోస్టులో వెయ్యి, చాలు.

నీ అపా
బురుల్‌కాన్

తా.క. పోస్టు ఆలస్యమైనా రాయడం ఆపకు. పంపు. వినడానికి మేం ముగ్గురం ఉంటాం.