సాకెట్‌లో బస్సు టికెట్

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ పాత రేడియో మోగిద్దామని కంచరపాలెంలో మన రేడియో రిపేరు షాపు తెరిచి, ముందు రేడియోలోని గాజు వాల్వులు బాగున్నాయో లేదో చూసే టెస్టర్ దుమ్ము దులిపాను. వాల్వు గుచ్చే సాకెట్ సందులో ఇరికించిన బస్సు టికెట్‌ని చెత్తనుకుని పారేశాను. ఆ తర్వాత ఏ వాల్వు పెట్టినా మీటరు ముల్లు లేవలేదు. నీ రేడియో వాల్వులు నాలుగూ పోయాయనుకుని కోపంతో నేలకేసి కొట్టాను. సీలు విప్పని కొత్తది పెట్టినా ముల్లు లేవకపోయేసరికి అప్పుడు అర్థమైంది. వదులైన సాకెట్‌ని బిగించి ఉంచింది ఆ టికెట్టే.

చెబితే నీ సొమ్మేం పోయింది? టెస్టర్ సంగతి ఎప్పుడడిగినా, “నానున్నాను గదా బావా, నీకేటి బెంగ?” అనేవాడివి.

ఇంకో టికెట్ మడిచి పెడితే ముల్లు లేచింది. పరీక్షించడానికి నీ వాల్వులే లేవు. టెస్టర్ మీద ‘ఈ టికెట్ తియ్యొద్దు’ అని రాసి అంటించాను. ఒక్క నిమిషం పట్టింది. ముప్పై ఏళ్లలో నీకా నిమిషం దొరకలేదు.